సాయవ్వ బాయి కాడ ఎవలన్న దిగుతరా?

కండక్టరక్క పోయింది. బాన్సువాడ బస్టాండు బయట చాయ్ తాగుతుంటే పిట్లం బండి డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "సారూ, అక్క లేదిగ. పొద్దుగాల పానం పోయిందట" అన్నాడు. బండి కదిలించుకుని వెళ్లిపోయాడు. రాత్రి అందరితో కలిసి అన్నం తిని పడుకున్న మనిషి. గుండె ఆగిందన్నారు. నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు, కోపం. మా ఇద్దరి మధ్య వాదన ఇంకా తెగలేదు. వాదన సగంలో ఉండగా లేచిపోవడం ఆమె పద్ధతి కాదు.

మధ్యాహ్నానికల్లా ఫోన్లలో మొదలైంది. "అక్క ఆత్మకు శాంతి కలగాలి" అని కొందరు. "ఆఖరి బస్సులో ఇక అక్క కనిపిస్తుంది, భయపడకండి" అని ఒకడు నవ్వు బొమ్మ పెట్టి మరీ. సాయంత్రానికి నా హేతువాద మిత్రుడు ఒకాయన ఫోన్ చేసి, "దయ్యాల కథలు చెప్పే మనిషికి నువ్వు స్మృతివ్యాసం రాస్తున్నావట, నిజమేనా?" అని అడిగాడు. నిజమే. రాస్తున్నాను. ఆ నవ్వు బొమ్మవాడికీ, ఈ మిత్రుడికీ కలిపి ఒకటే జవాబుగా రాస్తున్నాను. దయ్యాలు లేవు. నిన్న లేవు, అక్క పోయిన తర్వాత ఇవాళా లేవు. ఆత్మకు శాంతి అనే మాట నా చేత్తో రాయను. ఆమెను తలుచుకుంటే మాత్రం నాకు ఛాతీ ఉప్పొంగుతుంది, దాన్ని దాచుకునే ఉద్దేశం కూడా లేదు.

ఆమెతో నా మొదటి పరిచయమే తగాదా. నేను పిట్లం కాలేజీలో పాఠం చెప్పడానికి రోజూ బస్సులో వెళ్లే రోజులు. ఒక శనివారం డ్రైవరు బండి ముందర నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాడు. ఊరుకోవడం నాకు చేతకాదు. టైర్లలో గాలి చూసుకోవాలి గానీ ఈ దండలేమిటని బస్సంతా వినేటట్టు అందుకున్నాను. కండక్టరు వెనకనుంచి నడుచుకుంటూ వచ్చింది. జడ ముడిలో పెన్ను, నోట్లో సోంపు.

"సారూ, డ్రైవరన్న ధైర్యం గా నిమ్మకాయల ఉన్నది. పీకుతవా? పీకు. నాకేం ఫికర్ లేదు. గని పీకినంక గా ధైర్యం నువ్వియ్యాలె. పిట్లం దాక ఇస్తవా?"

బస్సు గొల్లుమంది. నేను తగ్గలేదు. పిట్లం దాకా డ్రైవరు పక్కనే నిలబడి బ్రేకుల గురించీ, గుడ్డి నమ్మకాల గురించీ మాట్లాడుతూనే ఉన్నాను. దిగేటప్పుడు ఆమె, "రేపు కూడ రా తమ్మీ, ముచ్చట సగంల ఉన్నది" అంది. ఆ రోజు నుంచి నేను తమ్మిని, ఆమె అక్క. ముచ్చట సగంలోనే ఉంటూ వచ్చింది.

ఆమె బస్సు ఎక్కినవాళ్లకు ఆమె అలవాట్లు చెప్పనక్కర్లేదు. చంటిపిల్లతో ఎవరెక్కినా ముందు పిల్లను తన ఒళ్లోకి తీసుకుని ఆ తర్వాతే టికెట్ అడిగేది. సీట్ల కడ్డీలు తడుముకుంటూ పెదవులతో మనుషులను లెక్కపెట్టేది. తాగి ఎక్కినవాడిని తిట్టేది కాదు. వాడి తల్లి బాగోగులు అడిగేది, వాడు సిగ్గుపడి వెనక సీట్లో ముడుచుకునేవాడు. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం డబ్బా తెరిస్తే పక్కవాళ్లకు తుంచి పెట్టందే తినేది కాదు.

ఆ బస్సులోనే డయాలసిస్ మనుషులు వచ్చేవారు. వారానికి రెండుసార్లు బాన్సువాడ దవాఖానకు, వాచిన కాళ్లతో. ఒక తండా నుంచి వచ్చే నడివయసు మనిషి కొన్నాళ్లుగా ఎక్కడం లేదని అక్క గమనించింది. అడిగితే తెలిసింది: తండా నుంచి రోడ్డుదాకా తీసుకొచ్చేవాళ్లు లేక మానేశాడు. మానేసి చచ్చిపోయాడు. మందు లేక కాదు, రోగం ముదిరి కాదు. తండాకూ తారురోడ్డుకూ మధ్య ఒక బండి లేక. ఆ సంగతి చెప్పిన రోజు ఆమె సోంపు నమలడం మర్చిపోయింది.

"ఒక ఆటో పెట్టాలె తమ్మీ. తండాలకు పోయి ఎక్కిచ్చుకొచ్చేటట్టు."

"చందాలు వసూలు చేద్దాం. కరపత్రం నేను రాస్తా."

"నీ కరపత్రం చదివితే ఉన్న రోగం ఎక్కువైతది. ఉత్తగ అడిగితే ఎవలిస్తరు? భయపెడితే ఇస్తరు. దయ్యాల కతలు చెప్తం. ఇని భయపడ్డోళ్లు ఆటోకు ఇస్తరు."

సాయంకాలం ట్రిప్పులో జనం చెప్పుకునేది అవే కదా. కాలువ గట్టు మీద ఎవరు కనబడ్డారు, చెరుకు తోటలో ఎవరు పిలిచారు. ఎక్కడ చెప్పిస్తావు అంటే, "గడిల" అంది. పిట్లం రోడ్డు మీద ఊరి చివర దొరలు కోటలా కట్టుకున్న పాత గడి తెలుసు కదా మీకు. ఏనుగు దూరేంత తలుపు, లోపల రాతి స్తంభాల సావిడి, పెరట్లో పెద్ద బావి. హైదరాబాదులో ఉండే దొర మనవడు ఏడాదికోసారి వచ్చి బూజు దులిపించి పోతాడు. మంచి పనికే కదా అని ఏటా ఒక సాయంత్రానికి తాళంచెవి ఇచ్చాడు.

నాకు ఒళ్లు మండింది. ఒకటి, దయ్యాలు. రెండు, గడి. మా తాతల చేత గాడిదచాకిరీ చేయించుకున్న ఇంట్లో కూర్చుని మనమే భయపడే ఆట ఆడాలా? మొదటి ఏడాది మా సంఘంవాళ్లను కూడగట్టుకుని అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని గడి ముందు నిలబడ్డాను. ఇప్పుడడిగినా నిలబడడం సరైనదే అంటాను. అక్క భుజానికి సంచీ తగిలించుకుని మా వరస దగ్గరికి వచ్చింది.

"టికెట్, టికెట్."

"మేం కథలు వినడానికి రాలేదక్కా. నిరసనకు వచ్చాం."

"లోపలోళ్లకు సీటింగు. మీకు స్టాండింగు. నిలబడ్డోళ్లకు టికెట్ ఉండదని ఏ బస్సుల చెప్పిండ్రు తమ్మీ?"

మా అందరికీ టికెట్ కొట్టింది. మా నినాదాల చందాతో కూడా ఆటో నడిచింది. ఆ తర్వాత ఆమె జీవితాంతం నన్ను వెక్కిరించడానికి వాడుకున్న మాట అదే: "మా స్టాండింగు సారు వచ్చిండు."

లోపలికి వెళ్లి చూస్తే మాత్రం నేను అనుకున్నది కాదు అక్కడ జరుగుతున్నది. ముందుగా, అర్ధరాత్రి వ్యవహారమే లేదు. పొద్దు వాలుతుండగా మొదలుపెట్టి, వర్నికీ కోటగిరికీ ఆఖరి బస్సులు అందేలోపు ముగించేది. "దయ్యాలకు తొందర లేదు, ప్యాసింజర్లకు ఉన్నది" అనేది. సావిడిలో జంపఖానాలు పరిచి, మెట్ల మీద ఒక కుర్చీ వేసి, కథ చెప్పాలనుకున్నవాళ్లను ఒక్కొక్కరినీ పిలిచేది. ఎవరైనా "ఒకానొక ఊళ్లో ఒక తెల్లచీర దయ్యం" అని మొదలుపెట్టారో, చెయ్యి అడ్డం పెట్టేది.

"ఆగాగు. ఏ స్టేజీల ఎక్కింది? పేరేంది? బతికినప్పుడు ఏం పని చేసేది?"

"దయ్యానికి పేరుంటదా అక్కా?"

"మనిషికి ఉన్నది కదనే. పేరు లేకుంట నా బస్సు ఎక్కనియ్య. పో, తెలుసుకొని వచ్చే యేడు రా."

అదీ ఆమె పెట్టిన నియమం. ఊరు చెప్పాలి, పేరు చెప్పాలి, చేసిన పని చెప్పాలి. కథ అయిపోగానే మెడలో ఉన్న ఈల తీసి ఒక్కసారి ఊదేది. బస్సు ఆపమని ఊదే ఈల అది. అంటే ఆ దయ్యం దిగిపోయిందని. రెండుసార్లు ఊదితే, పోనియ్, ఇంకో కథ.

ఆ నియమం ఎంత పని చేసిందో చెబుతాను. కోటగిరి దగ్గర కాలువ తూము ఎత్తే చప్పుడు చేసే దయ్యం గురించి ఒకాయన చెప్పాడు. పేరు చెప్పాల్సి వచ్చేసరికి, అది తన చిన్నాయనే అని బయటపడింది. తన వంతు నీళ్లు పక్క పెద్దరైతు మళ్లించుకుంటే ఎండిన మడి గట్టు మీదే పడిపోయిన మనిషి. కరెంటు స్తంభం మీద కనబడే దయ్యానికి పేరు అడిగితే, చేతికి తొడుగులు ఇవ్వకుండా ఎక్కించిన ఒక కిరాయి కుర్రాడి పేరు వచ్చింది. భయపడదామని వచ్చిన జనం తలలు దించుకుని వినడం నేను కళ్లారా చూశాను. మేం ఊరూరా పెట్టిన సభలు గుర్తొచ్చాయి. ముందే ఒప్పుకున్నవాళ్లం ఒకరి మాటకు ఒకరం చప్పట్లు కొట్టుకునే సభలు.

అయినా ఒక విషయంలో నేను పట్టు విడవలేదు. బాణామతి, చేతబడి కథలు చెప్పనివ్వకూడదన్నాను. చచ్చినవాళ్ల కథ వేరు. మంత్రగత్తె కథ చెబితే మర్నాడు బతికున్న ఒక ముసలామెకు దెబ్బలు పడతాయి. చాలాసేపు కొట్లాడాం. చివరికి ఆమె, "నిజమే తమ్మీ, బతికున్నోళ్లకు టికెట్ లేదు" అంది. ఆ నియమం నాది. నా బతుకులో నేను గెలిచిన వాదనల్లో అదొకటి, ఆమె మీద గెలిచింది బహుశా అదొక్కటే.

"ఇంతకీ నువ్వు దయ్యాలను నమ్ముతావా అక్కా?" అని ఒకసారి నిలదీశాను.

"నమ్ముడు నమ్మకపోవుడు ప్యాసింజర్ల ఇష్టం. నేను టికెట్ కొడుత."

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ గడికే ఒక దయ్యం ఉంది. బాన్సువాడలో పుట్టినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు: గడి మోహిని. చిన్నదొర మీద కన్నేసి, ఆయన కాదనేసరికి పెరటి బావిలో దూకిందట. గజ్జెల చప్పుడుతో, తడిసిన బట్టలతో వచ్చి మగవాళ్లను పేరుపెట్టి పిలుస్తుందట. చిన్నప్పుడు మేమూ ఆ గోడ పక్కనుంచి పరుగెత్తినవాళ్లమే. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఆ కథ చెబుతామని వచ్చేవారు. అక్క పేరడిగేది. ఎవరికీ తెలిసేది కాదు. వెనక్కి పంపేది.

ఆ రోజుల్లో పిట్లం వైపు నుంచి ఒక ముసలమ్మ ఆమె బస్సు ఎక్కేది. ఎప్పుడూ గడి కనిపించని పక్కనే కూర్చునేది. ఆ పక్క సీటు దొరక్కపోతే నిలబడేది. గడి వస్తుందనగా కొంగు ముఖం మీదికి లాక్కునేది. అక్క అడిగితే, "నాకు సూడబుద్ధి కాదు బిడ్డా" అని మాత్రం అనేది. ఒకనాడు సరిగ్గా గడి ముందరే టైరు పంచరైంది. అందరూ దిగారు, అవ్వ దిగలేదు. కింద కుర్రాళ్లు మోహిని ముచ్చట్లు మొదలుపెట్టారు. "ఒరే, నిన్నే పిలుస్తున్నదిరా, బాయిలకు రమ్మంటున్నది." నవ్వులు. లోపల అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. అక్క వెళ్లి పక్కన కూర్చుంది. టైరు మార్చడం అయిపోయి డ్రైవరు హారన్ కొడుతున్నా లేవలేదు.

తర్వాత నాకు చెప్పింది ఇంతే: "బాయిల పడ్డామె అవ్వ మనిషే. పేరు దొరికింది తమ్మీ." అవ్వ ఒక్క మాట అడిగిందట. చెప్తే సక్కగ చెప్పు, లేకుంటే చెప్పకు.

ఆటో నడిపించే కమిటీ కుర్రాళ్లు గాబరాపడ్డారు. దొర మనవడు ముందు వరసలో కూర్చుంటాడు. ఆయన ముఖం మీద ఆ కథ చెబితే మళ్లీ ఏడాది గడి ఉండదు. గడి లేకపోతే జనం రారు. జనం రాకపోతే ఆటో ఆగుతుంది. అది చిన్న భయమేమీ కాదు. తండాల్లో ఆ ఆటో చప్పుడు కోసం మనుషులు గడపల్లో కూర్చుని ఉంటున్నారు అప్పటికి. ఒక కుర్రాడైతే చేతులు జోడించాడు.

"చచ్చినామె కోసం బతికున్నోళ్లను చంపుతవా అక్కా?"

నేను ఉండబట్టలేక న్యాయం, చరిత్ర అంటూ ఏదో అందుకోబోతే, "నువ్వు జర ఆగు" అని అక్క నన్ను ఆపింది. కుర్రాడి వైపు తిరిగి అంది: "అవ్వ బతికే ఉన్నది కదరా. మొఖం కప్పుకొని బతుకుతున్నది. ఆటో సంగతి నా మీద ఇడువుండ్రి. గడి లేకుంటే రోడ్డు మీద చెప్త."

ఆ ఏడాది ఆఖరి కథ తనే చెప్పింది. మెట్ల మీద కుర్చీలో కూర్చుని, టికెట్ అడిగే గొంతుతోనే మొదలుపెట్టింది.

"పేరు సాయవ్వ. ఎక్కింది ఈడనే, గడి స్టేజీల. పని, వెట్టి. పొద్దుగాల నుంచి పొద్దుమీకెదాక నీళ్లు చేదుడు. గజ్జెల సప్పుడు వస్తదంటరు. వెట్టి మనిషికి గజ్జెలు ఎవలు చేపిచ్చిండ్రు? గది గజ్జెలు కాదు, బాయి గిరక. తడి బట్టలతోని వస్తదంటరు. పొద్దంత నీళ్లు చేదినామె చీర తడవకుంట ఉంటదా? ఇంట్ల నెల పిల్ల పాలకు ఏడుస్తుంటే తల్లి రైక తడవదా? ఒక్కసారి పోయి పాలిచ్చొస్తా అని అడిగింది. పోనియ్యలే. బాలింత పానం, కండ్లు తిరిగినయి, పడ్డది. మగోళ్లను పిలుస్తదంటరు. నిజమే, పిలిచింది. పడ్డంక పిలిచింది. ఎవ్వలు రాలే."

నేను చాలా పుస్తకాలు చదివాను, చాలా వేదికలు ఎక్కాను. ఒక మూఢనమ్మకాన్ని ఒక్కొక్క ముడీ విప్పుతూ ఇంత శుభ్రంగా ఒలిచిన మాట మరెక్కడా వినలేదు. దాన్ని వినడానికి నేను దయ్యాల కథల సాయంత్రానికి రావాల్సి వచ్చింది.

దొర మనవడు లేచి నిలబడ్డాడు. అరవలేదు. పెద్దమనిషి తరహాలోనే అడిగాడు.

"దీనికి ఆధారం ఏమన్నా ఉన్నదా?"

"ఇన్నేండ్లు మోహిని కత చెప్పిండ్రు సారూ. ఒక్కలన్న ఆధారం అడిగిండ్రా?"

సావిడి వెనక, స్తంభం పక్కనుంచి ఎవరో లేచారు. అవ్వ. ఆమె వచ్చినట్టు కూడా మాకు తెలియదు. అక్క ఆమె వైపు చూడలేదు, వేలు పెట్టి చూపలేదు.

"గా పాలు నాయి బిడ్డా" అంది అవ్వ.

ఆ ఇంట్లో, ఆ సావిడిలో, దొర వంశపు మనిషిని వెట్టిమనిషి కూతురు నిలబడి బిడ్డా అని పిలిచింది. ఆయన కూర్చోనూ లేదు, పోనూ లేదు. అక్క ఈల నోటిదాకా తెచ్చుకుంది గానీ ఊదలేకపోయింది. అప్పుడు అవ్వే, "ఊదు బిడ్డా. నన్ను గన్న మా అవ్వ దిగుతది" అంది.

ఒక్క ఈల. ఆ రోజు రెండో ఈల లేదు.

తాళంచెవి మళ్లీ రాలేదు. తలుపుకు కొత్త తాళం పడింది. మరుసటి ఏడాది అక్క అన్నంత పనీ చేసింది. గడి తలుపు బయట రోడ్డు పక్కన జంపఖానాలు పరిచింది. ఒక పక్క ట్రాక్టర్లు, ఒక పక్క బస్సులు. పోయే బస్సు డ్రైవర్లు వేగం తగ్గించి కిటికీల్లోంచి చందాలు వేసి పోయారు. లోపల పట్టనంత జనం బయట కూర్చున్నారు. ఆటో ఒక్క రోజు కూడా ఆగలేదు. ఆ రోజు చేతులు జోడించిన కుర్రాడే ఇప్పుడు దాన్ని నడుపుతున్నాడు.

ఇంకొక పని చేసింది ఆమె. దాన్ని ఏ సభా తీర్మానించలేదు, ఏ ఆఫీసూ ఒప్పుకోలేదు. గడిలో సాయవ్వ కథ చెప్పేనాటికి ఆమెకు ఉద్యోగం ఇంకొక ఏడాదే మిగిలి ఉంది. గడి దగ్గర బస్సు ఆగేచోటును అందరూ గడి స్టేజీ అనేవారు. కథ చెప్పిన మర్నాడు పొద్దున మొదటి ట్రిప్పులో ఆమె కేకేసింది: "సాయవ్వ బాయి! సాయవ్వ బాయి కాడ ఎవలన్న దిగుతరా?" జనం మొదట బిత్తరపోయారు. ఒకాయన, "గదేడ ఉన్నదమ్మా?" అంటే, "నువ్వు దినాం దిగేదేనే పెద్దన్నా, ఇన్నొద్దులు పేరు తెల్వక దిగినవు" అంది. ఏడాది పొడుగునా, ప్రతి ట్రిప్పులో అదే కేక. ఆమె రిటైరయ్యేనాటికి మిగతా కండక్టర్ల నోళ్లకు కూడా అలవాటైంది. ఇప్పుడు బడిపిల్లలు మోహిని అనడం లేదు. వాళ్లకు ఆ మాటే తెలియదు.

"దొరలు చస్తే ఫోటోలైతరు, మనోళ్లు చస్తే దయ్యాలైతరు. గిదేం లెక్క తమ్మీ?" అనేది అక్క. ఆ మాటతో నాకు తగాదా లేదు. దయ్యాల పేరు చెప్పకుండానే ఆ సంగతి జనానికి చేర్చవచ్చునా లేదా అన్నదే మా ఆఖరి వాదన. చేర్చవచ్చని నేను. "చేర్చి సూపియ్యి మరి" అని ఆమె. పోయిన వారం వాళ్ల అరుగు మీద ఆగింది అది. జవాబు ఇప్పటికీ నా నోట్లోనే ఉంది.

దహనం అయిన మర్నాడు పిట్లంలో పనుండి వెళ్లి తిరుగు బస్సు ఎక్కాను. చెవులకు పోగులు పెట్టుకున్న కొత్త కుర్రాడు కండక్టరు. ఒక ఊళ్లో మన అవ్వ ఎక్కింది, మనవరాలి చెయ్యి పట్టుకుని. రెండు పక్కలా సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆమె గడి పక్క కిటికీ దగ్గరే కూర్చుంది. నన్ను గుర్తుపట్టి తలూపింది.

ఊరు దగ్గర పడుతుండగా కుర్రాడు కడ్డీ పట్టుకుని లేచాడు. "సాయవ్వ బాయి! సాయవ్వ బాయి కాడ ఎవలన్న దిగుతరా?"

ఎవరూ పలకలేదు. అయినా ఎందుకో ఒక ఈల ఊదాడు. బస్సు ఆగింది. ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు. అవ్వ కొంగు భుజం మీదే ఉంది. కిటికీ ఊచ పట్టుకుని, విరిగిన పెరటి గోడ సందులోంచి కనబడే బావి గట్టును మనవరాలికి వేలు పెట్టి చూపిస్తోంది. తర్వాత రెండు ఈలలు వినిపించాయి. బస్సు కదిలింది. బావి గట్టు గోడ చాటయ్యేదాకా అవ్వ ముఖం అటే ఉంది.